కిందికి దిగని ఇద్దరు: కాశీపూర్ వాగు ఒడ్డున ఒక రిటైర్మెంటు చరిత్ర

మన కొరాపుట్, రాయగడ తెలుగు ఇళ్ళల్లో రెండు మాటలు తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. "పైకి" అంటే కొండల మీదికి, అంటే ఉద్యోగానికో వ్యాపారానికో. "కిందికి" అంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు, అంటే ఇంటికి. రాయగడలో నలభై ఏళ్ళు కాపురం చేసి, పిల్లల పెళ్ళిళ్ళు అక్కడే చేసి, ఒడియాలో బేరాలాడే మనిషి కూడా పండగకి వెళ్ళొస్తే "కిందికెళ్ళొచ్చాం" అనే అంటాడు. ఇల్లు ఎక్కడుందంటే కిందే. పైన ఉన్నది బస.

ఈ లెక్కన ఒక కుటుంబం ఒక చోట ఎప్పుడు స్థిరపడినట్టు? ఇల్లు కొన్నప్పుడా? పిల్లలు ఒడియా బడిలో చేరినప్పుడా? నాకైతే వేరే గుర్తు కనిపిస్తోంది. ఉద్యోగం అయిపోయి, పైన ఉండాల్సిన పని ఏదీ లేకపోయినా ముసలివాళ్ళు కిందికి దిగకపోతే, అప్పుడు ఆ కుటుంబం స్థిరపడినట్టు. మా ఇంట్లో అది 1988లో జరిగింది. తాతయ్య 58 ఏళ్ళు నిండి కాశీపూర్ కచేరీ గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఆయనా మామ్మా ఊరి చివర వాగు ఒడ్డునున్న పెంకుటింట్లోనే ఉండిపోయారు. బంధువులంతా ఆశ్చర్యపోయారు. "అడవిలో ఏముందని?" అన్నారు. ఏముందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. వాగు ఒడ్డున ఇద్దరు ముసలివాళ్ళు నిశ్చింతగా కూర్చోవడం ఎప్పుడూ ఉన్నదే అనిపిస్తుంది గానీ, మన కొండల్లో అది చాలా కొత్త సంగతి.

సరిహద్దుకి ఆవల

రాయగడ చరిత్రా కాశీపూర్ చరిత్రా ఒకటి కావు. ఈ తేడా మన పిల్లలకి తెలియదు.

రాయగడ జయపురం సంస్థానంలో భాగం. జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ కింద ఉండేది. అందువల్ల అక్కడి కచేరీల్లో, బజార్లలో తెలుగుకి చోటుండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులో కవిత్వం రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయ్యాక కింద నుంచి వర్తకులు రాయగడకి రావడం సులువయింది. మా ముత్తాత వచ్చింది ఆ రైల్లోనే. చింతపండు, వలిసెలు, ఆవాలు కొని కిందికి పంపేవారు.

కాశీపూర్ మాత్రం ఏనాడూ మద్రాసు కింద లేదు. అది కలహండి సంస్థానంలోని జమీందారీల్లో ఒకటి. రాజధాని భవానీపట్నం. అక్కడ రాజభాష ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయగడ, కొరాపుట్ ప్రాంతాలు విశాఖ జిల్లా నుంచి విడిపోయి అందులో చేరాయి. కలహండి సంస్థానం విలీనమైంది 1948 జనవరి 1న. కాశీపూర్‌ని కలహండి నుంచి తీసి కొరాపుట్ జిల్లాలో కలిపింది 1960లలో. మళ్ళీ 1992 అక్టోబర్ 2న రాయగడ జిల్లా ఏర్పడితే కాశీపూర్ అందులోకి వచ్చింది. మనుషులు కదలకుండానే చిరునామా మారిపోతూ వచ్చిందన్నమాట. తాతయ్యకి కాశీపూర్ బదిలీ అయింది అది కొరాపుట్ జిల్లాలో కలిసిన కొత్తల్లో. మామ్మకి ఆ ఊరి పేరు విని కాశీకి దగ్గరేమో అనిపించిందట. ఆ మాట చెప్పి చివరిదాకా నవ్వుకునేది.

1936 నాటి గీత చాలామంది ముసలివాళ్ళని కదిలించింది. అందరికీ తెలిసిన ఉదాహరణ గిడుగు రామమూర్తి పంతులుగారు. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టారు. జీవితమంతా పర్లాకిమిడిలో గడిపారు. అక్కడే పిల్లలకి చదువు చెప్పారు, అక్కడే సవర భాష నేర్చి వ్యాకరణం, నిఘంటువు కట్టారు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడం ఆయనకి ఇష్టం లేదు. డెబ్బై దాటిన వయసులో ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూశారు. వ్యవహార భాష కోసం ఆయన చేసిన పోరాటం వల్లే ఇవాళ నేను ఇలా రాయగలుగుతున్నాను. ఆయన నిర్ణయాన్ని తప్పు పట్టే అర్హత ఎవరికీ లేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ తరం మనసులో భాషా, ఇల్లూ, రాష్ట్రం ఒకే గీత లోపల ఉండాలి. ఉండకపోతే మనిషే కదలాలి. మా తాతయ్య, మామ్మల తరానికి వచ్చేసరికి ఆ మూడూ విడివిడిగా ఉన్నా బతకొచ్చని తెలిసింది. అది వాళ్ళు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, వాగు దగ్గర తెలుసుకున్నది.

నీళ్ళంటే జ్వరం

కోనసీమలోనో, రాజమండ్రి గట్టు మీదో పెరిగినవాళ్ళకి నీళ్ళ పక్కన ముసలితనం అంటే వెంటనే ఒక బొమ్మ కళ్ళకి కడుతుంది. కాలువ గట్టు, రావిచెట్టు, అరుగు, పేపరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ డెల్టాలో నీళ్ళంటే పంట, పంటంటే తీరిక.

కొండల్లో కథ వేరు. ఇక్కడ నీళ్ళంటే జ్వరం. మన్యం జ్వరం, కొండ జ్వరం, చలిజ్వరం అని ఎన్ని పేర్లు పెట్టినా అది మలేరియాయే. 1870లో ఇంగ్లీషు అధికారులు తమ ముఖ్యస్థానాన్ని జయపురం నుంచి కొరాపుట్‌కి మార్చుకున్నారు, అక్కడ ఆరోగ్యం కాస్త నయమన్న ఆశతో. అక్కడా జ్వరాలు వదల్లేదు. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాక, ఏ దోమ ఎక్కడ పుడుతుందో వెతకడం మొదలైంది. మన కొండల్లో జ్వరం తెచ్చేవాటిలో ముఖ్యమైనది ఎనాఫిలిస్ ఫ్లువియాటిలిస్. మురికిగుంటల్లో కాదు, అది తేటగా మెల్లగా పారే వాగుల అంచుల్లో, గడ్డి నీడన గుడ్లు పెడుతుంది. అంటే మనకి కూర్చోవాలనిపించే చోటే దానికీ ఇష్టం.

అందుకే పాత తెలుగు కుటుంబాల్లో వాగు పక్కన ఇల్లు కట్టుకోకూడదనీ, సందెవేళ నీటికి వెళ్ళకూడదనీ పట్టింపు ఉండేది. దెయ్యాల పేరు చెప్పేవారు. దెయ్యం పేరు తప్పు గానీ జాగ్రత్త మాత్రం సరైనదే. మా ముత్తాత తమ్ముడు ఒకాయన పైకి వచ్చిన రెండో వానాకాలానికే పోయారు. ఆ తరవాత చాలా కాలం మా వాళ్ళు వానల నాలుగు నెలలూ ఆడవాళ్ళని, పిల్లల్ని కిందే ఉంచేవారు.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ పంపులు భుజాన వేసుకున్న మనుషులు ఊరూరా తిరిగి గోడల మీద మందు కొట్టారు. క్లోరోక్విన్ బిళ్ళలు వచ్చాయి. జ్వరం పూర్తిగా పోలేదు. 1970లలో మళ్ళీ విజృంభించింది, మన జిల్లాలు దేశంలో మలేరియా ఎక్కువున్న జిల్లాల్లో చాలా కాలం కొనసాగాయి. అయినా "వచ్చిందంటే చావే" అనే రోజులు పోయి "వచ్చిందంటే బిళ్ళ" అనే రోజులు వచ్చాయి. తాతయ్య ధైర్యం చేసి వాగు ఒడ్డున ఇల్లు తీసుకున్నది ఆ కాలంలోనే. మామ్మ మాత్రం పొద్దు గుంకేసరికి వేపాకు పొగ పెట్టి, దోమతెర దించేది. ఒడ్డున కూర్చోవడం నాలుగింటి నుంచి ఆరింటి దాకానే. ఆరు దాటితే "లేవండి, అదొచ్చే వేళయింది" అనేది. అది అంటే దోమ. వాళ్ళ సాయంత్రానికి ఆ గడియారం పెట్టింది మలేరియా.

పింఛను అనే కొత్త వయసు

రెండో కారణం పింఛను. మా ముత్తాత రిటైరు కాలేదు. వ్యాపారస్తుడికి, రైతుకి రిటైర్మెంటు అనే మాటే లేదు. చేతనయినంత కాలం చేస్తాడు, చేతకానప్పుడు కొడుకు పంచన కూర్చుంటాడు. పని చేయకుండానే నెలనెలా తన పేరున డబ్బు వచ్చే వయసు ఒకటుంటుందని మా వంశంలో మొదట చూసింది తాతయ్యే. ఆ డబ్బు ఎక్కువేమీ కాదు. కానీ ఎక్కడ బతకాలో తామే నిర్ణయించుకునే స్వేచ్ఛ దాంతో వచ్చింది. కొడుకుల మీద ఆధారపడి ఉంటే వాళ్ళు కిందికి దిగాల్సి వచ్చేదే. మా పెదనాన్న అప్పటికే విజయనగరంలో ఉన్నారు, గది కూడా సిద్ధం చేశారు.

మామ్మ జవాబు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "ఆ గదిలో నేను ఎవురికో మామ్మని. ఇక్కడ నాదో ఇల్లు."

ఒడ్డున ఒక రోజు

ఆ వాగుకి పెద్ద పేరేమీ లేదు. మన కొండల్లో అలాంటివాటిని జోలా అంటారు. కొండ వాలున దిగే నీటిని మట్టికట్టలతో మళ్ళించి, వాగు గర్భంలోనే మెట్లు మెట్లుగా మళ్ళు చేసి వరి పండిస్తారు. జోలా భూమి అంటే మిగిలిన మెట్టంతా ఎండినా పంట నిలిచే భూమి. కంధులు, జోడియా పరజలు తరతరాలుగా కట్టుకున్న ఏర్పాటు అది. జయపురం ప్రాంతంలో వందల రకాల నాటు వరులు నిలిచి ఉన్నందుకే కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. తాతయ్య ఇరవై ఏళ్ళు భూముల రికార్డులు రాశారు. జోలా మళ్ళు ఎంత నైపుణ్యంతో కట్టినవో తనకి రిటైరయ్యాకే అర్థమయిందనేవారు. "కాగితం మీద అది వట్టి సర్వే నంబరు. ఇక్కడ కూచుంటే తెలుస్తోంది, ఒక్క కట్ట తెగితే కింద పది మళ్ళు పోతాయి" అని.

పొద్దున్నే ఆయన లేచి వాగులో నీళ్ళెంత ఉన్నాయో చూసి వచ్చేవారు. మామ్మ ఈలోగా తరవాణి అన్నం తీసేది. మన తరవాణి, ఒడియా వాళ్ళ పఖాళ ఒకటే సంగతి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టి, పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తినడం. పక్కింటావిడ దానికి వేయించిన చిన్న చేపలు తోడు పంపేది. చలికాలంలో తరవాణి ఆపి చోడి అంబలి. ఒడియాలో మండియా జావు. ఇక్కడ కూడా పేరే తేడా. "మన చోళ్ళే, భాష మార్చుకున్నాయి" అనేది మామ్మ.

తొమ్మిదింటికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వచ్చేవారు. పట్టా, అర్జీ, పింఛను ఫారం. ఊళ్ళో ఆయన్ని తెలెంగా బాబు అనేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ పిలుపులో భయం కలిసి ఉండేదనీ, రిటైరయ్యాక భయం పోయి పిలుపు మాత్రం మిగిలిందనీ ఆయనే చెప్పారు. అర్జీ రాసినందుకు డబ్బు తీసుకునేవారు కాదు. వానాకాలంలో పుట్టగొడుగులు, లేత వెదురు కొమ్ములు, వేసవిలో మామిడికాయలు, ఒక్కోసారి వాగులో పట్టిన పీతలు గుమ్మంలో పెట్టి పోయేవారు. వెదురు కొమ్ములు రెండు నీళ్ళు మార్చి ఉడికించి, ఆవపెట్టి వండడం మామ్మ సొంత పద్ధతి. ఒడియా పక్కవాళ్ళు దాన్ని నేర్చుకున్నారు. మామ్మ వాళ్ళ దగ్గర కరడి, అంటే పులియబెట్టిన వెదురు కొమ్ము, నేర్చుకుంది. ఆ వాసన తాతయ్యకి పడేది కాదు. ఆయన సంతకి వెళ్ళిన రోజే అది పొయ్యెక్కేది.

నాలుగింటికి రెండు చెక్క పీటలు, ఒక రేడియో ఒడ్డుకి చేరేవి. 1960లలో మొదలైన విశాఖపట్నం, జయపురం ఆకాశవాణి కేంద్రాలు రెండూ గాలిని బట్టి వచ్చేవి. గాలి బాగుంటే తెలుగు, లేకపోతే ఒడియా. ఏది దొరికితే అది వినేవారు. మాట్లాడుకోవడం తక్కువ. ఒకసారి నేను, "మీకు విసుగు రాదా?" అని అడిగాను. "ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఎవరెవరి మాటలో విన్నాను. ఇప్పుడు ఇదిగో, ఈవిడ ఒక్కర్తి మాటే. అదీ తక్కువే" అన్నారాయన. "తక్కువేటి? మీకు చెవుడు" అంది మామ్మ.

నలభై అయిదు రోజుల కార్తీకం

ఆ ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కార్తీక మాసం. అక్కడ కార్తీకం నలభై అయిదు రోజులుండేది. ఇదేం వింత కాదు, పంచాంగం లెక్కే. ఒడియా వాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది. కుమార పున్నమి వెళ్ళిన మర్నాడు వాళ్ళ కార్తీకం మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది. దీపావళి మర్నాడు మొదలై వచ్చే అమావాస్య దాకా ఉంటుంది. కాబట్టి వాళ్ళది పదిహేను రోజులు ముందు మొదలవుతుంది, మనది పదిహేను రోజులు తరవాత అయిపోతుంది. మామ్మ రెండూ పాటించేది. "వాళ్ళతో మొదలెట్టకపోతే బాగోదు, మనవాళ్ళతో ముగించకపోతే అసలు బాగోదు" అనేది.

అప్పటికి కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా ఉండేవి. తెల్లవారుజామున చలిలో వాగులో మునక. కార్తీక పున్నమి నాడు ఒడియా పిల్లలు అరటి డొప్పలతో చిన్న పడవలు చేసి, లోపల దీపం, తాంబూలం పెట్టి నీళ్ళలో వదిలేవారు. బొయిత బందాణ. పూర్వం కళింగ వర్తకులు సముద్రం మీద దూరదేశాలకి ప్రయాణం కట్టిన దానికి గుర్తు. సముద్రం ఎప్పుడూ చూడని కొండపిల్లలు మోకాల్లోతు వాగులో ఓడలు వదిలేవారు. మర్నాడు ఛాడఖాయి. నెలంతా నీచు ముట్టని ఒడియా ఇళ్ళల్లో ఆ రోజు చేపలు, మాంసం ఘుమఘుమలాడేవి. మా ఇంట్లో ఇంకా పదిహేను రోజులు మిగిలి ఉండేవి. ఆ పదిహేను రోజులూ గాలి ఎటు వీస్తే తాతయ్య అటు తిరిగి కూర్చుంటారని మామ్మ ఎగతాళి. చివరికి పోలి పాడ్యమి తెల్లవారుజామున మామ్మ అరటి దొప్పల్లో దీపాలు వదిలేది. రెండు వారాల క్రితం ఓడలు వదిలిన పిల్లలే నిద్రకళ్ళతో చూడడానికి వచ్చేవారు. వాళ్ళ అమ్మలు కొందరు తరవాత్తరవాత తామూ దొప్పలు తెచ్చారు. ఆ పండగ ఎవరిదని ఎవరూ అడగలేదు.

మూడు నదుల తగువు

వాళ్ళిద్దరికీ ఒక శాశ్వతమైన తగువు ఉండేది. ఈ వాగు నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయి?

మన పటంలో ఒక విశేషం ఉంది. కాశీపూర్ చుట్టుపక్కల కొండల్లో, థువామూల్ రాంపూర్, కల్యాణ్‌సింగ్‌పూర్ దగ్గర మూడు నదులు పుడతాయి. నాగావళి రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి, శ్రీకాకుళం దాటి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సుమారు 256 కిలోమీటర్లు. వంశధార శ్రీముఖలింగం పక్కనుంచి పోయి కళింగపట్నం దగ్గర కలుస్తుంది. ఇంద్రావతి పడమటికి తిరిగి, బస్తరంతా చుట్టి, 500 కిలోమీటర్లకి పైగా ప్రయాణించి గోదావరిలో చేరుతుంది.

మామ్మ పుట్టిల్లు నాగావళి ఒడ్డున. అందుకని ఈ వాగు నాగావళిదే అని ఆవిడ పట్టు. తాతయ్య రెవిన్యూ మనిషి. "మ్యాపు చూడవే, వాలు అటు కాదు" అనేవారు. "మీ మ్యాపుకి దాహం వేస్తాదా? ఈ నీళ్ళ రుచి నాకు తెలుసు" అనేది. చివరికి ఆయన ఒక రాజీ సూత్రం కనిపెట్టారు. "మూడిట్లో ఏ నదిలోకి పోయినా తెలుగు నేల తొక్కక మానదు. చాలా?" అన్నారు. చాలు అంది.

ఆ సూత్రం ఇప్పుడు పూర్తిగా నిలవదు. ఎగువ ఇంద్రావతి ప్రాజెక్టు కింద నాలుగు ఆనకట్టలు కట్టి, ఆ నీళ్ళని 600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం మీదుగా కలహండి వైపు, మహానది పరీవాహకంలోకి మళ్ళించారు. ఒకప్పుడు గోదావరికి పోయే నీళ్ళు ఇప్పుడు కొంత ఒడియా పొలాల్లో పారుతున్నాయి. తాతయ్యకి ఈ సంగతి తెలుసు. మామ్మకి చెప్పలేదు.

ఆ ఒడ్డు అందరిదీ ఒకలా లేదు

ఇంత వరకే రాసి ఆపితే ఇది అబద్ధపు చరిత్ర అవుతుంది. ఆ ప్రాజెక్టు జలాశయం కింద వేల కుటుంబాలు ఊళ్ళు పోగొట్టుకున్నాయి. కాశీపూర్ పేరు పేపర్లలో వచ్చింది ఆకలి వల్ల. 2001లో వానాకాలపు కరువు నెలల్లో నిలవ ఉన్న మామిడి టెంకల పిండితో గంజి కాచుకు తాగి ఆదివాసులు చనిపోయారు. అది విషమా, ఆకలా అని ఢిల్లీ దాకా వాదించుకున్నారు. టెంక పిండి మన్యంలో పాత తిండే, కానీ ఇంట్లో వేరే గింజ ఉంటే పాడైన టెంక ఎవరూ తినరు. నెలనెలా పింఛను వచ్చే ఇల్లు ఆ ఊళ్ళో ఎన్నో లేవు. అందులో మాది ఒకటి. ఆ వానాకాలం మామ్మ రోజూ ఒక పెద్ద కుండ అంబలి ఎక్కువ కాచేది. దాని గురించి మాట్లాడనిచ్చేది కాదు.

అంతకు ముందు ఏడాది, 2000 డిసెంబర్ 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. బాఫ్లిమాలి కొండ బాక్సైటు తవ్వకాన్ని, దాని అల్యూమినా కర్మాగారాన్ని వద్దన్నవాళ్ళు వాళ్ళు. ఆ కొండ నెత్తి వాన నీళ్ళని పట్టి ఉంచి ఏడాది పొడుగునా వాగులకి వదులుతుందనీ, కొండ పోతే వాగు పోతుందనీ వాళ్ళ వాదన. తాతయ్యకి అర్జీలు రాయించుకున్నవాళ్ళల్లో ఆ వైపు మనుషులూ ఉన్నారు. కర్మాగారంలో పని దొరుకుతుందని ఆశపడి అర్జీ రాయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆయన రెండు రకాల అర్జీలూ రాశారు. ఎవరి పక్షం అని అడిగితే, "వాగు ఉన్నంత కాలం వాగు పక్షం" అనేవారు. ఆ మాటలో తప్పించుకోవడం కొంత ఉంది, నిజం కొంత ఉంది. ఇప్పుడు కొండ మీద తవ్వకం సాగుతోంది, కర్మాగారం నడుస్తోంది.

ఇద్దరూ కిందికి దిగి ఉంటే ఇవన్నీ వాళ్ళకి పేపర్లో వార్తలు. ఉండిపోయారు కాబట్టి ఇరుగుపొరుగు కష్టాలయ్యాయి. ఒక చోట స్థిరపడడం అంటే ఆ చోటి సుఖాల్లో పాలు అడగడమే కాదు, అక్కడి చావులకి వెళ్ళి కూర్చోవడం కూడా. ఈ మాట మన పైకొచ్చిన తెలుగువాళ్ళకి కొంచెం కటువుగా ఉంటుంది. చింతపండు కొనడానికి, వడ్డీలకి ఇవ్వడానికి, భూముల కాగితాలు రాయడానికి వచ్చినవాళ్ళం మనం. ఆ లావాదేవీల్లో ఎవరికి లాభమయిందో, ఎవరి భూమి చేతులు మారిందో కొండవాళ్ళు మరచిపోలేదు. 1950లలో ఇక్కడ తెలుగు వర్తకుడంటే ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు.

వచ్చే ఏడు

తాతయ్య 2004లో పోయారు. మామ్మ ఇంకో రెండేళ్ళు అదే ఇంట్లో ఒక్కతే ఉంది. ఇద్దరినీ ఆ వాగుకి దిగువనే దహనం చేశాం. అస్థికలు రాయగడ దగ్గర నాగావళిలో కలిపాం. తాతయ్యవి అలా కలిపించింది మామ్మే, మ్యాపు సంగతి ఏమైనా సరే.

ఇల్లు ఇంకా ఉంది. 1990లలో కొరాపుట్-రాయగడ రైలు మార్గం పూర్తయింది. టికిరి స్టేషన్‌లో దిగితే ఇప్పుడు కాశీపూర్ దూరం కాదు. 2017 ప్రాంతంలో ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో దోమతెరలు, ఇంటింటి రక్తపరీక్షలు మొదలుపెట్టాక మలేరియా బాగా తగ్గింది. మామ్మ పెట్టిన ఆరు గంటల హద్దు ఇప్పుడు కొంచెం సడలించవచ్చేమో.

వచ్చే ఏడు మా నాన్నకి 60 నిండుతాయి. విశాఖలో ఫ్లాటు చూస్తున్నారు. లిఫ్టు ఉంది, ఆసుపత్రి దగ్గర, బాల్కనీలోంచి సముద్రం ఒక ముక్క కనిపిస్తుంది. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పెంకుటిల్లు, వాగు మెట్లు ఆవిడకి కష్టమే. ఏ నిర్ణయమైనా తప్పు కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫ్లాటుకి వెళ్తే "ఇంటికి తిరిగి వెళ్తున్నాం" అని మాత్రం అనుకోవద్దు. మా కుటుంబానికి కింద ఇప్పుడు ఇల్లు లేదు, బంధువులున్నారు. అది ఒక కొత్త ఊరికి వలస. ఇక్కడున్న ఇల్లు అమ్మే ముందు, జోలా కట్టల మరమ్మత్తుకి ఏటా మన వంతు ఎవరిస్తారో, కార్తీకంలో దొప్పలు పట్టుకుని వచ్చేవాళ్ళకి గుమ్మం ఎవరు తీస్తారో కూడా మాట్లాడుకుందాం. ఆ రెండు పనులూ ఈ ఏడాది మా చిన్నత్త చూస్తోంది.